యాత్రికుని మూట

ప్రయాణ సన్నాహాన్ని గురించి చెప్పవలసివస్తే మన భాషలో “మూటాముల్లె సర్దుకొన్నారు” అంటాము. రైలెక్కేవారికి, బస్సెక్కేవారికి ఈ మూటాముల్లె ఎంత ఉన్నా అంతగా చిక్కు లేదు. ఎక్కించేటప్పుడు కొంత, దించేటప్పుడు కొంత ఆయాసపడితే చాలు. నడుమ ఉన్న బరువంతా ఇంజను లాగుతుంది. కాలినడకనో సైకిలు మీదనో కొండలకూ అడవులకూ పోయేవాని సంగతి వేరు. తాను కట్టుకొన్న ప్రతి వస్తువునూ తానే మోయాలి. ఇంటివద్ద “ఎందుకైనా మంచిది” అనుకొని అరనిమిషంలో సంచిలో పడవేసిన వస్తువు దారిలో మూడురోజులపాటు భుజాన్ని కోస్తుంది. అందుచేత మూట కట్టుకొనడం చిన్న పనిగా తోచినా, యాత్ర సుఖదుఃఖాలు చాలవరకు అక్కడే నిర్ణయమైపోతాయి. ఈ ప్రసంగంలో మూడు విషయాలు విన్నవిస్తాను. బరువు తగ్గించడం ఎట్లాగన్నది మొదటిది. ఎక్కడ తగ్గించరాదన్నది రెండవది. తగ్గించామనుకొన్న బరువు నిజంగా తగ్గిందా, లేక మరొకరి భుజానికి మారిందా అన్నది మూడవది. నా దృష్టిలో ఈ మూడవదే ముఖ్యమైనది.

తెలుగువారి యాత్రా గ్రంథాలలో మొదట స్మరించదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఆయన 1830 మే 18వ తేదీన బయలుదేరి, తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశికి పోయి, గయను, జగన్నాథాన్ని సేవించుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరారు. దారిలో ప్రతి మజిలీనీ, బాట గుణాన్నీ, దొరికే సామగ్రినీ శ్రద్ధగా వ్రాసిపెట్టిన మహనీయుడాయన. అయితే ఆయన వెంట సుమారు నూరుమంది పరివారం నడిచింది. ఆయన వాహనాన్ని బోయీలు మోశారు. ఆనాటి దారులలో, ఆనాటి భద్రతలో, కుటుంబంతో అంతదూరం పోయేవారికి అది అవసరమే కావచ్చు. మనం గ్రహించవలసినది ఒక్కటే. అటువంటి యాత్రలో యజమాని భుజం తేలికగానే ఉంటుంది. మూట మాత్రం తేలిక కాదు.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలిచే ఆదర్శం అంతకు రెండువేల సంవత్సరాలకు పూర్వమే మన దేశంలో ఉన్నది. బౌద్ధ భిక్షువుకు అనుమతించిన పరికరాలు ఎనిమిది: మూడు చీవరాలు, ఒక భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీరు వడగట్టే గుడ్డ. అమరావతిలోను, నాగార్జునకొండలోను విహారాలు వెలసిన కాలంలో కృష్ణాతీరపు దారులవెంట నడిచిన భిక్షువులకు నియమించిన సామాను ఇదే. ఈ పట్టికను నిదానంగా పరిశీలిస్తే మూట కట్టే శాస్త్రమంతా ఇందులో కనిపిస్తుంది. పైన కప్పుకొనే సంఘాటి పగలు వస్త్రం. రాత్రి నాలుగు మడతలు వేస్తే పరుపు. చిరిగిన బట్టకు బదులుగా మరొక బట్ట మోయకుండా సూది మోయడం మరింత తెలివైన పని. నీటిని వడగట్టే గుడ్డ బరువు తులమో రెండు తులాలో ఉంటుంది. అయినా దానిని వదలలేదు. వానాకాలంలో ప్రయాణమే మాని ఒకచోట నిలిచిపోవడం కూడా నియమమే. సంవత్సరంలో అన్ని ఋతువులకూ పనికివచ్చే మూట కట్టాలని చూడకుండా, ఋతువునుబట్టి యాత్రను నిర్ణయించుకొనడం బరువు తగ్గించే ఉపాయాలలో మొదటిదని దీనివలన తెలుస్తున్నది.

బరువు మనిషిని ఎట్లా అలయజేస్తుందో చూద్దాము. అలిపిరినుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. మూటలో ఒక్క కిలో అధికంగా ఉన్నదంటే, ఆ కిలోను 3,550 సార్లు ఒక్కొక్క మెట్టు ఎత్తు పైకి లేపుతున్నామన్నమాట. దిగేటప్పుడు అంతకంటె మేలు లేదు. ప్రతి అడుగులోను ఆ బరువు మోకాలిపై పడుతుంది. శరీరశ్రమను కొలిచిన శాస్త్రజ్ఞులు మరొక విశేషం కనుగొన్నారు. పాదాలపై మోసిన ఒక కిలో, వీపుపై మోసిన నాలుగైదు కిలోలంత శ్రమ పెడుతుందట. బరువైన బూట్లు తొడిగి, సంచిలో సబ్బుబిళ్ళను సగానికి కోసుకొన్నవాడు లెక్క తప్పాడని గ్రహించాలి. గట్టిగా, పాదానికి అలవాటైన తేలికపాటి జోడు అన్నిటికంటె పెద్ద పొదుపు.

తిరుమలకు నడిచే యాత్రికుల సామాను దేవస్థానంవారే ఉచితంగా కొండపైకి చేరుస్తున్నారు. కాబట్టి అక్కడ చేతులూపుకొంటూ ఎక్కవచ్చు. నల్లమలలో ఆ సదుపాయం లేదు. ఆత్మకూరు వైపున వెంకటాపురంనుండి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పోయే ప్రాచీనమైన కాలిబాట ఒకటి ఉన్నది. ఉగాది వస్తున్నదంటే కర్ణాటక దేశంనుండి వేలాది భక్తులు ఈ దారిన నడుస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె పెట్టడానికి వచ్చేవారు వారు. ఇది పులుల అభయారణ్యం. అటవీశాఖవారు అనుమతించిన రోజులలో, అనుమతించిన దారిలోనే నడవాలి. ఇటువంటి బాటలో రెండు రాత్రులు, మూడు పగళ్ళు గడపవలసివస్తే మూట ఎట్లా ఉండాలో ఆలోచిద్దాము.

మొదట చేయవలసిన పని తూచడం. చేతితో ఎత్తిచూసి “తేలికగానే ఉన్నది” అనుకొనడం నమ్మదగిన కొలత కాదు. ఇంట్లో ఉన్న త్రాసుతో ఒక్కొక్క వస్తువునూ తూచి కాగితంపై వ్రాసుకోవాలి. అట్లా వ్రాస్తే ఒక సంగతి బయటపడుతుంది. చిన్న చిన్న వస్తువులు ఇరవై తీసివేసినా రానంత తగ్గింపు మూడు పెద్ద వస్తువులవద్ద వస్తుంది. అవి మోసే సంచి, పడుకొనే పక్క, పైన కప్పు. సంచే ఖాళీగా రెండున్నర కిలోలుంటే ఇక మిగిలినవాటిని గురించి గ్రాములు లెక్కించడం వృథా. ఒక కిలోకు మించని వీపుసంచి, కిలోన్నరలోపు దుప్పటీ పరుపుగుడ్డా, అరకిలో బరువుగల పలుచని టార్పాలిను—వీటితో మూడు కిలోలు. మార్చుకొనడానికి ఒక జత బట్టలు, ఒక తువ్వాలు కలిసి ముప్పాతిక కిలో. గిన్నె, చాకు, టార్చిలైటు, తాడు, మందులు, సూదీదారం, సబ్బుముక్క మొదలైనవన్నీ ఒక కిలో. మొత్తం అయిదు కిలోలకు లోపే. విదేశాలలో ఈ విద్యను అభ్యసించినవారు కూడా ఆహారం, నీరు, వంటకు చమురు మినహాయించి, మిగిలిన మూట పది పౌనులకు, అనగా సుమారు నాలుగున్నర కిలోలకు లోబడితే దానిని అతి తేలిక మూటగా పరిగణిస్తారు.

ఆహారం విషయంలో మన పెద్దలకు తెలియనిదేమీ లేదు. పేలపిండి, అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం, ఎండబెట్టిన జొన్నరొట్టె, కారప్పొడి—వీటిలో నీటి బరువు లేదు, నిలువ ఉంటాయి, నిప్పు అక్కరలేదు. ఈ చివరి గుణం చాలా విలువైనది. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. వేసవిలో ఎండుటాకులపై పడిన ఒక్క రవ్వ ఎంత అడవిని దహిస్తుందో చెప్పలేము. పొయ్యి లేకుండా గడుపుకొనగలిగినవాడు పొయ్యినీ, చమురునూ, పెద్ద గిన్నెలనూ ఇంటివద్దనే వదలుతున్నాడు. అడవికి కూడా ఉపకారం చేస్తున్నాడు. ఇటువంటి ఎండు ఆహారం రోజుకు ముప్పాతిక కిలో ఉంటే నడిచే మనిషికి సరిపోతుంది.

సైకిలుపైన పోయేవానికి కొంత సౌలభ్యమూ, కొంత చిక్కూ ఉన్నాయి. సమతలంపై చక్రం ఒకసారి సాగిన తరువాత బరువు అంతగా తెలియదు. అందుచేతనే సైకిలువారు తమకు తెలియకుండానే ఎక్కువ సామాను కట్టుతారు. ఘాటురోడ్డు మొదలుకాగానే అసలు లెక్క బయటపడుతుంది. దిగేటప్పుడు ఆ బరువునంతటినీ బ్రేకులే ఆపాలి. సైకిలుయాత్రలో మూటను వీపున తగిలించుకొనరాదు. అట్లా చేస్తే భారమంతా సీటుపైనా, నడుముపైనా పడుతుంది. బండి నిలకడ చెడుతుంది. వెనుక చక్రానికి ఇరుప్రక్కల, వీలైనంత క్రిందుగా, రెండువైపులా సమానంగా ఉండేటట్లు సంచులు కట్టాలి. వేలాడే తాళ్ళేవీ చువ్వలకు తగలకుండా చూడాలి. ఎంత తగ్గించినా గాలిపంపు, అదనపు ట్యూబు, పంక్చరు సామగ్రి, ట్యూబు విప్పే పనిముట్లు తగ్గించరాదు. వాటిని వదలినవాడు ముప్పయి మైళ్ళ దారిలో సైకిలునే మోయవలసిన దినం రావచ్చు.

ఇంతవరకు తగ్గించే సంగతి చెప్పాను. తగ్గించరానివి నాలుగు: నీరు, పొడిగా ఉండే పక్క, మందులు, వెలుతురు. వీటిలో నీటికే ప్రమాదం ఎక్కువ. లీటరు నీరు కిలో బరువు. మూటలో అన్నిటికంటె బరువైనదీ అదే. వదిలిపెట్టాలని మొదట బుద్ధి పుట్టేదీ దానినే. “ముందు వాగు ఉన్నది కదా” అని సగం పారబోసి నడక సాగిస్తారు. ఉగాదినాటికి నల్లమలలో ఎన్నో వాగులు ఇసుక మాత్రమే మిగిలి ఉంటాయి. ఎండలో కొండ ఎక్కే మనిషికి గంటకు అరలీటరు నీరు కావాలి. వేడి తీవ్రమైతే లీటరు వరకు అవసరం కావచ్చు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. తల తిరగడం, వికారం, మాట తడబడడం, ఒళ్ళు కాలిపోవడం కనిపిస్తే అది అలసట కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళు తడిపి, విసరి, వెంటనే వైద్యసహాయానికి కబురు చేయాలి. అంతటి అపాయాన్ని తప్పించే వస్తువు మూడు నాలుగు కిలోల నీరూ, ఒక చిటికెడు ఉప్పూ. అయిదు కిలోల మూటకు రెండు కిలోల పైచిలుకు తిండి, నాలుగు కిలోల నీరు చేర్చినా మొత్తం పదకొండు పన్నెండు కిలోలు. అరవై కిలోల బరువుగల మనిషికి అది అయిదవవంతు. ఆరోగ్యవంతుడు మోయగలిగినదే. ఇతర వస్తువులను తగ్గించేది నీటికి చోటివ్వడానికేనని గుర్తుంచుకోవాలి.

ఇక మూడవ విషయం. బరువు మాయమయ్యే వస్తువు కాదు. ఇంటివద్ద వదలితే తగ్గుతుంది. లేకపోతే చేయి మారుతుంది. అది చేరే భుజాలు ముఖ్యంగా మూడు.

మొదటిది కూలివాని భుజం. 1953లో ఎవరెస్టు శిఖరాన్ని జయించిన దళం సామాను సుమారు నాలుగున్నర టన్నులు. దానిని మోసిన కూలీలు మూడువందల యాభైకి పైచిలుకు. అంతకు పందొమ్మిదేళ్ళ ముందు, 1934లో, షిప్టన్, టిల్మన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ముగ్గురు షెర్పాలను తోడుచేసుకొని, ఋషిగంగ లోయగుండా అంతవరకు బయటివారెవరూ చేరని నందాదేవి అంతర్భాగానికి చేరుకొన్నారు. వారి తేలికపాటి పద్ధతిని నేటికీ పర్వతారోహకులు కొనియాడుతారు. అయినా ఆ ముగ్గురు షెర్పాల పేర్లు, ఆంగ్‌థార్కే, పాసాంగ్, కుసాంగ్ అన్నవి, చెప్పకుండా ఆ కథ చెప్పడం న్యాయం కాదు. నేపాళంలో కాట్మండూ లోయనుండి నామ్చే బజారుకు సరుకులు మోసే కూలీలను తూచి చూసిన పరిశోధన ఒకటి 2005లో వెలువడింది. పురుషుల మూట సగటున వారి శరీరభారంలో నూటికి 93 వంతులు. స్త్రీల మూట నూటికి 66 వంతులు. మనకు అయిదవవంతు చాలునని ఇంతకుముందే లెక్కవేసుకొన్నాము. కూలివానిని నియమించుకొనడం తప్పు కాదు, అది అతని జీవనోపాధి. కాని అతడు ఉన్నాడు కదా అని మూట పెంచడం తప్పు. ముందు మనమే మోయవలసివస్తే ఏమి తెచ్చుకొనేవారమో అంతే కట్టుకొని, తరువాత అందులో కొంత అతని చేతికివ్వాలి. న్యాయమైన కూలితోపాటు అతనికి రాత్రి కప్పుకొనడానికి దుప్పటి ఉన్నదా, కాళ్ళకు చెప్పులున్నాయా అన్నది కూడా మన సన్నాహంలో భాగమే.

రెండవది తోటివాని భుజం. దుప్పటి తేకుండా బయలుదేరినవాడు పగలంతా అందరికంటె ముందు నడుస్తాడు. రాత్రి చలివేయగానే పక్కవాని దుప్పటిలో సగం అడుగుతాడు. నీరు తగ్గించుకొన్నవాడు మధ్యాహ్నానికి స్నేహితుని సీసావంక చూస్తాడు. బయలుదేరకముందే కూర్చుండి, ఈ టార్పాలిను నీవు తే, మందులపెట్టె నేను తెస్తాను అని పంచుకొంటే అది సహకారం. చెప్పకుండా వదలివచ్చి తరువాత చేయి చాచడం సహకారం కాదు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా వృద్ధురాలు, అరవై ఏడేళ్ళ వయసులో, ఇంట్లో కుట్టుకొన్న గుడ్డసంచి ఒకటి భుజాన వేసుకొని, రెండువేల మైళ్ళకు పైబడిన అపలేచియను కాలిబాటను ఒంటరిగా నడిచి ముగించింది. ఆమె వద్ద గుడారం లేదు. కంబళీ, వానకు అడ్డుపెట్టుకొనే ప్లాస్టిక్ తెర ఉన్నాయి. ఆమె ధైర్యం మెచ్చదగినది. అయితే ఎన్నో రాత్రులు దారి ప్రక్కని ఇళ్ళవారు ఆమెకు అన్నం పెట్టి, పడుకొనడానికి చోటిచ్చారు. ఊళ్ళున్న దారిలో అది సాగుతుంది. ఊళ్ళు లేని దారిలో ఆమెను అనుకరించదలచినవారు ఈ భాగాన్ని మరువరాదు.

మూడవది అడవి. తాగిన సీసా, తిన్న పొట్లం, తెగిన చెప్పు—ఇవి చెట్టుక్రింద పారవేస్తే మూట వంద గ్రాములు తేలికవుతుంది. ఆ వంద గ్రాములను ఇక అడవి మోస్తుంది, మనం మోసినట్లు మూడురోజులు కాదు, మన మనుమల కాలందాకా. ఉప్పు రుచి తగిలిన ప్లాస్టిక్ సంచిని దుప్పి తింటుంది. కోతి చించి చల్లుతుంది. ఇందుకు ఉపాయం సులభం. అంగడి పొట్లాలన్నీ ఇంటివద్దనే విప్పి, పదార్థాలను గుడ్డసంచులలో పోసుకోవాలి. అప్పుడు మూటా తగ్గుతుంది, పారవేసేదీ ఉండదు. ఖాళీ అయిన సంచిని తిరిగి ఇంటికి మోసుకొనిరావడం ఎవరికీ కష్టం కాదు.

కాబట్టి యాత్ర తలపెట్టిన యువకులు బయలుదేరడానికి వారం రోజుల ముందే మూట కట్టి, దానిని మోస్తూ ఊరి పొలిమేరదాకా రెండు గంటలు నడిచి చూడవలసిందని నా మనవి. ఒరుసుకొనే పట్టీ, కరిచే జోడు, అనవసరమైన వస్తువు అప్పుడే తెలిసిపోతాయి. తీసివేసిన ప్రతి వస్తువు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి. దీని అవసరం వచ్చినప్పుడు నేను ఎవరిని అడుగుతాను? “ఎవరినీ అడగను, ఇది లేకుండానే గడుపుకొంటాను” అన్న జవాబు వస్తే ఆ వస్తువును నిశ్చింతగా వదలవచ్చు. ఒకరి పేరు స్ఫురిస్తే ఆ వస్తువు తిరిగి మూటలోకి రావాలి.

తేలికగా నడవడంలో మరొక ప్రయోజనం కూడా ఉన్నది. పదిమంది కలిసి నడిచేచోట ఎవరికో ఒకరికి చీలమండ బెణుకుతుంది, లేదా జ్వరం తగులుతుంది. అప్పుడు అతని మూటను మరొకరు అందుకోవాలి. నిండు బరువుతో వంగిపోయినవాడు సానుభూతి చూపగలడుగాని, చేయి చాచలేడు. తన మూటను ముందుగానే ఆలోచించి తగ్గించుకొన్నవానికి మాత్రమే ఆ వేళ ఒక భుజం ఖాళీగా ఉంటుంది.